సీటు వచ్చాక చేయవలసిన ఆలోచన



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తర్వాత విచారణ గృహానికి వచ్చేవారు ఏటా ఎక్కువవుతారు. సీటు రావాలని పూజ చెప్పించుకునేవారు కొందరు, సీటు వచ్చినందుకు కృతజ్ఞతగా పూజ చెప్పించుకునేవారు మరికొందరు. ఈ మధ్య మూడో రకంవారు కూడా వస్తున్నారు. వారికి రెండు మూడు చోట్ల సీట్లు వచ్చాయి. ఏది పట్టుకోవాలో, ఏది విడిచిపెట్టాలో తెలియక వారికి నిద్ర పట్టడం లేదు.

చార్మినార్ దగ్గర కాపురముంటున్న ఒక కుటుంబం అలాగే వచ్చింది. తండ్రి అఫ్జల్‌గంజ్‌లో మందుల దుకాణంలో పని చేస్తాడు. తల్లి ఇంటివద్ద బట్టలు కుడుతుంది. పెద్దమ్మాయి బైపీసీ మంచి మార్కులతో ప్యాసైంది. 'దోస్త్' ద్వారా కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలో బీయస్సీ సీటు వచ్చింది. పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుండి కూడా పిలుపు వచ్చింది. "ఆ పేరు చెబితే నలుగురిలో గౌరవం ఫాదర్ గారూ, అప్పు చేసైనా పంపిస్తాను" అన్నాడు తండ్రి. "కోఠీ అయితే పిల్ల కళ్లముందు ఉంటుంది స్వామీ" అన్నది తల్లి. అమ్మాయి తల వంచుకుని కూర్చున్నది. దోస్త్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్‌కు ఇక రెండు రోజులే గడువు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం, మరో విచారణలో ఉన్నప్పుడు, ఒక అబ్బాయి విషయంలో క్షణం ఆలోచించకుండా "పెద్ద పేరున్న చోటనే చేర్చండి" అని చెప్పాను. ఆ అబ్బాయికి లెక్కలంటే భయం. చేరిన కోర్సు నిండా లెక్కలే. ఏడాది తిరగకముందే ఇంటికి వచ్చేశాడు. తండ్రి అమ్మిన అరెకరం మాత్రం తిరిగి రాలేదు. తప్పు కాలేజీది కాదు, అబ్బాయిది కాదు. అడగవలసినవి అడగకుండా సలహా చెప్పిన నాది. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు ప్రశ్నలు వేస్తాను. ఆ ప్రశ్నలే ఈ వారం పాఠం.

గోపురం కట్టేవాని లెక్క

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక గోపురం కట్టదలచినవాని గూర్చి చెబుతారు. అతడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలి. లేకపోతే పునాది వేసి ఆగిపోతాడు, చూసినవారు నవ్వుతారు. మన కళ్లముందున్న చార్మినార్ 1591 నుండి నిలిచి ఉన్నది. నాలుగు మీనార్లలో ఒకటి సగంలో ఆగి ఉంటే ఈనాడు దానిని చూడటానికి ఎవరు వచ్చేవారు? చదువూ అంతే. సగంలో ఆగిన చదువుకు డిగ్రీ లేదు, అప్పు మాత్రం ఉంటుంది.

కాబట్టి మొదటి ఏడాది ఫీజు చూసి మోసపోకండి. ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, పరీక్ష ఫీజు, పండుగలకు ఇంటికి వచ్చిపోయే చార్జీలు, ఇవన్నీ కలిపి ఎన్నేళ్ల కోర్సయితే అన్నేళ్లకు లెక్క కట్టండి. అప్పు తీసుకుంటే వడ్డీ కూడా వేయండి. స్కాలర్‌షిప్ ఇస్తామంటే, అది ప్రతి ఏడూ ఇస్తారా, ఎన్ని మార్కులు తగ్గితే ఆపేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వారి చదువుకు ఏమి మిగులుతుందో కూడా చూడండి.

దారి కూడా ఖర్చే. చార్మినార్ నుండి కోఠీ సుమారు మూడు కిలోమీటర్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దానికి రెండింతలకు మించిన దూరం. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇరవై కిలోమీటర్లకు పైనే. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేకుండా ప్రయాణించే వీలు కలిగింది. డబ్బు మిగిలినా, రోజుకు మూడు గంటలు బస్సులో పోతే చదివే సమయం ఎక్కడ మిగులుతుంది?

పునీత ఇగ్నేషియస్ లొయోలా గారి అనుభవం

ఈ చిక్కులు నేటివి మాత్రమే కావు. యేసుసభ స్థాపకులైన పునీత ఇగ్నేషియస్ గారు ముప్పై ఏళ్లు దాటాక, 1524లో బార్సిలోనాలో చిన్న పిల్లల నడుమ కూర్చుని లాటిను నేర్చుకున్నారు. తర్వాత అల్కలా, సలమాంకా విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. అక్కడ తొందరపడి అనేక విషయాలు ఒకేసారి చదివారు, ఏదీ గట్టిపడలేదు. 1528లో పారిస్ చేరినప్పుడు తన పునాది బలహీనంగా ఉన్నదని ఒప్పుకుని, మళ్లీ పిల్లలతో కూర్చుని మొదటి పాఠాల నుండి చదివారు.

పారిస్‌లో మరో దెబ్బ తగిలింది. దాచుకోమని ఇచ్చిన డబ్బును తోటివాడొకడు ఖర్చు చేసేశాడు. ఇగ్నేషియస్ గారు దూరంగా ఉన్న బీదల సత్రంలో తలదాచుకోవలసి వచ్చింది. ఆ సత్రం తలుపులు తెల్లవారాక తెరిచేవారు, సాయంత్రం త్వరగా మూసేవారు. దానివల్ల పాఠాలు పోయేవి. చివరకు ఏడాదికొకసారి ఫ్లాండర్స్ వెళ్లి, అక్కడి స్పెయిన్ వర్తకులను అర్థించి, ఏడాదికి సరిపడా డబ్బు తెచ్చుకుని, మిగిలిన కాలం నిశ్చింతగా చదివారు. 1535లో ఎం.ఏ. పట్టా పొందారు. పునాది, డబ్బు, దూరం – ఈ మూడూ సరిచేసుకునేదాకా పారిస్ వంటి గొప్ప విశ్వవిద్యాలయం కూడా ఆయనకు పూర్తిగా ఉపయోగపడలేదు. మరి మన పిల్లల సంగతి ఏమిటి?

నిర్ణయానికి మూడు మెట్లు

ఇగ్నేషియస్ గారు 'ఆధ్యాత్మిక సాధనలు' అనే గ్రంథంలో రెండు మంచివాటిలో ఒకదానిని ఎంచుకునే పద్ధతి నేర్పారు. దానిని మన అవసరానికి ఇలా వాడుకోవచ్చు.

మొదటిది, మనసును త్రాసు ముల్లులా మధ్యన నిలపాలి. ముందే ఒకవైపు మొగ్గి, ఆ తర్వాత కారణాలు వెదికితే అది ఆలోచన కాదు. "ఊళ్లో ఏమనుకుంటారు?" అన్న మాటను పక్కన పెట్టండి.

రెండవది, ఒక్కొక్క సీటుకు ఒక్కొక్క కాగితం తీసుకుని, చేరితే కలిగే లాభనష్టాలు ఒకవైపు, చేరకపోతే కలిగే లాభనష్టాలు మరొకవైపు రాయాలి. విశ్వవిద్యాలయం పేరుకంటే ముందు కోర్సులోని పాఠ్యాంశాలు రాయండి. అధ్యాపకులు సరిపడా ఉన్నారా, ప్రయోగశాల నడుస్తున్నదా, ఆ కోర్సు ముగించినవారు ఏమి చేస్తున్నారు అన్నవి అక్కడి పాత విద్యార్థులను అడిగి రాయండి. కరపత్రం చూసి రాయవద్దు.

మూడవది, ముక్కూ మొహం తెలియని మరొక విద్యార్థి ఇదే సమస్యతో వస్తే ఏమి సలహా ఇస్తారో ఊహించాలి. ఆ సలహానే తాను పాటించాలి. దిగులులో ఉన్నప్పుడు పాత నిశ్చయాన్ని మార్చుకోవద్దని కూడా ఆయన హెచ్చరించారు. కొత్త హాస్టల్‌లో మొదటి వారం ఏడుపు వస్తే వెంటనే పెట్టె సర్దుకోవద్దు.

తెలియవలసిన నియమాలు

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ సీట్లను 'దోస్త్' ద్వారా కేటాయిస్తున్నారు. సీటు వచ్చినవారు గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది చేజారుతుంది. ఇంకా ఆలోచనలో ఉన్నా గడువు మాత్రం దాటనివ్వకండి.

ఒకచోట ఫీజు కట్టాము గనుక అక్కడే ఉండాలని చాలామంది అనుకుంటారు. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేక అంతకుముందే మానుకుంటే ఫీజు పూర్తిగా, 15 రోజులలోపు మానుకుంటే 90 శాతం తిరిగి ఇవ్వాలి. చివరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, ఆపైన 30 రోజుల వరకు 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థ తన దగ్గర ఉంచుకోరాదని కూడా అందులో ఉన్నది. చేరే సంవత్సరానికి వెలువడిన నియమాలను కూడా చదవండి. ఆ విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉన్నదో లేదో డబ్బు కట్టకముందే చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట

మన గురువులు, మఠకన్యలు నడిపే మంచి కాలేజీలు ఈ నగరంలో ఉన్నాయి. బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ 1959 నుండి, అల్వాల్‌లోని లొయోలా అకాడమీ 1976 నుండి విద్యాదానం చేస్తున్నాయి. అక్కడ సీటు వస్తే సంతోషమే. అయితే కోరిన కోర్సు వేరొక చోట ఉంటే, అక్కడ చేరడం విశ్వాసానికి ద్రోహం కాదు. కోఠీ కళాశాల 1924లో మొదలై, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టింది. ఇంటికి దగ్గరగా ఉన్నంత మాత్రాన దానిని తక్కువగా చూడవద్దు.

ఆ అమ్మాయి సంగతికి వస్తే, "నీకు ఏమి కావాలమ్మా?" అని అడిగాను. చాలాసేపటికి, "నేను టీచర్‌నవుతాను ఫాదర్. బీయస్సీ తర్వాత బీఎడ్ చేయాలి. నాన్నకు అప్పు వద్దు" అన్నది. ఆ మాట తండ్రి మొదటిసారి విన్నాడు. ఇంటికి వెళ్లి ముగ్గురూ కాగితాలు రాశారు. మరుసటి రోజు కోఠీ సీటు ఖాయం చేసుకున్నారు.

దగ్గరిదే ఎప్పుడూ మంచిదని దీని అర్థం కాదు. మరో తల్లి కొడుకును గచ్చిబౌలి హాస్టల్‌కు పంపడానికి భయపడింది. అతడు కోరిన కోర్సు అక్కడే ఉన్నది, ఖర్చు తట్టుకోగలరు. కాగితాలు రాసి చూస్తే వెళ్లడమే సరి అని తేలింది. ఆమె కన్నీళ్లతోనే పంపింది, అబ్బాయి బాగా చదువుతున్నాడు.

ఎంత ఆలోచించినా పొరపాటు జరగవచ్చు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుండి అనేకమంది విద్యార్థులు బహిష్కృతులయ్యారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో చాలామందిని చేర్చుకున్నది. ఆ ఉద్యమం వల్ల నాగపూర్ వెళ్లి చదివిన పి.వి. నరసింహారావు గారు 1991లో దేశ ప్రధాని అయ్యారు. ఒక తలుపు మూసుకుంటే బ్రతుకే ముగిసిపోయిందని పిల్లలను భయపెట్టకండి.

ఈ వారం ఇంట్లో

జపమాల ముగిశాక అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

1. ఈ కోర్సు ఎవరి కోరిక? చదివేవారిదా, మనదా?
2. చివరి ఏడాది ఫీజు ఎక్కడి నుండి వస్తుంది?
3. అక్కడ చదువుతున్నవారితో ఎవరితోనైనా మాట్లాడామా?
4. నలుగురి మెప్పు అన్న కారణాన్ని తీసివేస్తే, మన నిర్ణయం మారుతుందా?

పవిత్రాత్మ ఇచ్చే ఏడు వరాలలో మంచి ఆలోచన ఒకటి. ఆ వరాన్ని అడగండి, అడిగిన తర్వాత కాగితం, కలం తీసుకోండి. ఎన్నుకున్న చోట మనస్ఫూర్తిగా చదివే ధైర్యాన్ని సర్వేశ్వరుడు మీ బిడ్డలకు దయచేయునుగాక!