మొలక దశలోనే పంట గుణం తెలుసుకోవచ్చా?



మన సోలాపూర్ ఇళ్లలో జొన్న రొట్టె నిత్యం ఉండేదే. దానికి పేరు తెచ్చింది మాల్దండి జొన్న. 1930ల దశకంలో మన జిల్లాలోని మోహోళ్‌లో స్థానిక మాల్దండి నుంచి ఏరిన ఎం 35-1 రకాన్ని రైతులు నేటికీ వేస్తున్నారు. ఇన్నేళ్లయినా దాన్ని మించిన రకం తేవడం ఎందుకంత కష్టం?

కారణాలు: రబీ జొన్న ఏడాదికి ఒకే పంట. రెండు రకాలను సంకరం చేశాక గుణాలు స్థిరపడటానికి ఆరేడు తరాలు పడుతుంది. పైగా దిగుబడి, కరువును తట్టుకునే శక్తి ఏ ఒక్క జన్యువు చేతిలోనూ లేవు. అనేక జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి.

కొత్త పద్ధతి: 2001లో మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే శాస్త్రజ్ఞులు జన్యు అంచనా పద్ధతిని ప్రతిపాదించారు. ముందుగా ఇది పాడి పశువుల ఎంపికలో బాగా అమలైంది, తరువాత పంటలకు వచ్చింది. జొన్న జన్యుక్రమం 2009లో వెలువడింది. అందులో దాదాపు 73 కోట్ల అక్షరాలున్నాయి.

దీన్ని మన చద్దర్ల మగ్గంతో పోల్చి చూడండి. జకార్డు కార్డులోని రంధ్రాలను బట్టే డిజైను వస్తుంది. వందలాది పాత కార్డులనూ, వాటితో నేసిన చద్దర్లనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు కొత్త కార్డు చూడగానే డిజైను ఎలా వస్తుందో ఊహించగలడు. ఇక్కడా అంతే. ముందుగా కొన్ని వందల మొక్కల డిఎన్‌ఎ గుర్తులనూ, పొలంలో వాటి దిగుబడినీ కంప్యూటరుకు ఇస్తారు. ఏ గుర్తు విలువ ఎంతో అది లెక్క కడుతుంది. తరువాత కొత్త మొలక ఆకు ముక్క చాలు.

ఉదాహరణ: మూడు గుర్తుల విలువలు +3, −2, +4 గ్రాములు అనుకుందాం. ఒకటి, మూడు ఉన్న మొక్క అంచనా +7. మూడూ ఉన్నదానికి +5. మొదటిదాన్ని ఎంచుకుంటాం. నిజంగా ఇలాంటి గుర్తులు వేలల్లో ఉంటాయి.

హద్దులు: ఇది అంచనాయే, హామీ కాదు. తరాలు మారేకొద్దీ అంచనా గురి తగ్గుతుంది, కనుక మళ్లీ పొలంలో కొలిచి లెక్క సరిచేయాలి. అయినా పనికిరాని మొక్కలను ముందే పక్కన పెట్టవచ్చు. వెలుతురు, వేడి అదుపులో ఉంచి ఏడాదిలో ఎక్కువ తరాలు పెంచే కేంద్రం 2022లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ప్రారంభమైంది. ఈ రెండూ కలిస్తే ఏళ్లు ఆదా అవుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట: "మనకు పొలమే లేదు, వ్యవసాయ చదువెందుకు?" అని పిల్లలను ఆపకండి. ఈ పనికి కావలసింది పొలం కాదు. జీవశాస్త్రం, గణితం, కంప్యూటరు. రబీ జొన్న పరిశోధన కేంద్రం మన సోలాపూర్‌లోనే ఉంది. రాహురిలో మహాత్మా ఫులే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. దారం లెక్క తప్పకుండా మగ్గం నడిపే ఇంట పుట్టిన పిల్లలకు ఈ లెక్కలు కొత్త కావు.

అభ్యాసం: పై ఉదాహరణలో రెండు, మూడు గుర్తులు మాత్రమే ఉన్న మొక్క అంచనా ఎంత? (జవాబు: +2)