చీరను ఏడుసార్లు చూసి వెళ్లిపోయిందెవరు?

ప్రశ్న: మాది మంగళగిరి. చేనేత చీరలకు సొంత వెబ్‌సైట్ పెట్టుకుని ఏడాది దాటింది. చూసేవాళ్లు బాగానే ఉన్నారు, కొనేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గూగుల్ అనలిటిక్స్‌లో యూజర్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి చూస్తే, ఎవరో ఒకే పట్టుచీరను మూడు రోజుల్లో ఏడుసార్లు చూశారు. ఆవిడెవరో తెలిస్తే ఫోన్ చేసి బేరం కుదుర్చుకుంటాను కదా. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: తెలుసుకోలేరండీ. మీకు అక్కడ కనిపించే పొడవాటి అంకె బ్రౌజర్‌కు పెట్టిన గుర్తు. ఆ ఫోన్‌లో కుకీ ఒకటి పెట్టి, మళ్లీ అదే కుకీ కనబడితే పాతవారేనని రాసుకుంటారు, అంతే. పేరు, ఫోన్ నంబరు అందులో ఉండవు. మీరు ఎక్కించాలని చూసినా గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. ఒకే ఫోన్‌లో అమ్మా కూతురూ చూస్తే ఒక్కరి కింద లెక్క. ఒకే మనిషి ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ చూస్తే ఇద్దరి కింద లెక్క. ఐఫోన్ సఫారీలో ఇలాంటి కుకీలు మామూలుగా 7 రోజులకే చెరిగిపోతాయి కాబట్టి, పది రోజులు ఆలోచించుకుని వచ్చిన పాత మనిషి కూడా కొత్తవారిగానే కనిపిస్తారు. ఊరి పేరునూ నమ్మకండి. మొబైల్ డేటా వాడుతూ అనంతపురంలో కూర్చున్నవాళ్లను హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చూపించడం మామూలే. అన్నిటికంటే ముందు, ఆ ఏడుసార్లు చూసింది మీ ఇంట్లోవాళ్లేమో అడగండి. చిన్న షాపుల లెక్కల్లో సొంతవాళ్ల రాకపోకలూ కలిసిపోతుంటాయి. మీ వైఫై నుంచి వచ్చేవాటిని లెక్కలోంచి తీసేసే సెట్టింగ్ ఉంది, పెట్టించండి.

ఎవరన్నది వదిలేసి, అన్నిసార్లు వచ్చినా ఎందుకు కొనలేదన్నది పట్టుకోండి. దానికి మైక్రోసాఫ్ట్ క్లారిటీ అనే ఉచిత సాధనం ఉంది. మీ సైట్‌లో ఒక్కొక్కరూ ఏ పేజీలో ఎంతసేపు ఆగారో, ఎక్కడ తట్టారో, ఎక్కడ వెనక్కి తిరిగారో వీడియోలా చూపిస్తుంది. పెట్టెల్లో వాళ్లు టైపు చేసింది మాత్రం చుక్కలతో కప్పేస్తుంది, అదే న్యాయం.

ఓపిగ్గా కూర్చుని చూస్తే ఇలాంటివి కనబడతాయి. వచ్చినావిడ అంచు దగ్గర రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేయబోతుంది. అవదు. మళ్లీ తడుతుంది, మళ్లీ మళ్లీ తడుతుంది. ఇలా విసుగ్గా వరసపెట్టి తట్టడాన్ని రేజ్ క్లిక్ అంటారు, క్లారిటీ దాన్ని విడిగా ఏరి పెడుతుంది. నిజాం బోర్డర్ దగ్గరగా చూడకుండా మంగళగిరి చీర ఎవరు కొంటారు చెప్పండి? తర్వాత బ్లౌజ్ పీస్ ఉందో లేదో వెతుక్కుంటూ కిందికీ పైకీ జరుపుతుంది. దొరక్క వెళ్లిపోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. చివరికి కార్టులో వేసి, చిరునామా మొత్తం నింపాక, అప్పుడు బయటపడుతుంది డెలివరీ చార్జీ. అక్కడితో సరి.

అందుకే పిన్‌కోడ్ కొడితే చార్జీ తెలిసే పెట్టెను చీర పేజీలోనే పెట్టండి. ఆ పెట్టె నొక్కగానే ఫోన్‌లో అంకెల కీబోర్డు రావాలి, అక్షరాలది కాదు. చాలామంది డెవలపర్లకు ఈ సంగతి పట్టదు.

ఒక్కావిడను చూసి షాపంతా మార్చేయకండి. ఇరవై ముప్ఫై రికార్డింగులు చూడండి. ఒకేచోట పదిమంది తడబడితే అనలిటిక్స్‌కు వెళ్లి, చీర చూసినవాళ్లలో కార్టులో వేసిందెందరు, డబ్బు కట్టేదాకా వచ్చిందెందరు అని సరిచూసుకోండి. ఆ తర్వాతే డెవలపర్‌కు డబ్బివ్వండి. ఇక ఫోన్ చేయడమంటారా, ఆర్డర్ ఫారంలో నంబరిచ్చి, మెసేజ్ పంపడానికి ఒప్పుకున్నవాళ్లకే పంపండి. ప్రతి చీర పక్కనా వాట్సాప్ బటన్ ఉంచితే కావలసినవాళ్లే పలకరిస్తారు.

ప్రశ్న: పచ్చళ్ల వ్యాపారం మాది, రాజమహేంద్రవరం. సైట్‌కు వచ్చేవాళ్లలో సగానికి పైగా ‘డైరెక్ట్’ అని చూపిస్తోంది. మన అర్ధరాత్రి 2 గంటలకు వచ్చేవాళ్లూ ఉన్నారు. మా సైట్‌పై ఎవరైనా కన్నేశారా?

జవాబు: కంగారు పడకండి. మీరు వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెడుతున్నారా? అక్కడ నొక్కి వచ్చినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో సాధారణంగా తెలియదు, డైరెక్ట్‌లో పడతారు. లింకు చివర యూటీఎం అనే తోక తగిలించి, కుటుంబ గ్రూపుకు ఒకటి, అపార్ట్‌మెంట్ గ్రూపుకు ఒకటి, అమెరికా వాళ్లకు ఒకటి వేరువేరుగా ఇవ్వండి. వారంలో తేలిపోతుంది. మన రాత్రి 2 అంటే డల్లాస్‌లో ముందురోజు మధ్యాహ్నం. ఆవకాయ ఎప్పుడు గుర్తొస్తుందో మనం చెప్పగలమా! వాళ్లు ఏ పేజీ నుంచి వెనక్కి పోతున్నారో చూడండి. విదేశాలకు పంపుతారా, ఎన్ని రోజులకు చేరుతుంది, కారిపోకుండా ప్యాకింగ్ ఎలా అన్నవి మొదటి పేజీలో లేకపోతే రాయండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాం. మా సైట్ చూసి, ఏ ఫారమూ నింపకుండా వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తామని ఒక సంస్థ వచ్చింది. నంబరుకింత అని రేటు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీకివ్వని నంబరు వాళ్లకెలా వచ్చింది? ఎక్కడో ఇంకో పనికి ఇచ్చినదాన్ని కలిపి అమ్ముతున్నారన్నమాట, లేదా ఊహించి అమ్ముతున్నారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు పూర్తిగా అమలయ్యేందుకు గడువు ఇచ్చారు కానీ, ఆ గడువును నమ్ముకుని ఇప్పుడు తప్పుడు అలవాటు చేసుకోకండి. మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించడం, దాన్నిబట్టి ప్రకటనలు చూపించడం కూడదంటోంది. మీ సైట్‌కు వచ్చేది ఎక్కువగా వాళ్లే కదా. ఫారంలో తల్లిదండ్రుల నంబరు అడగండి, ఎందుకు అడుగుతున్నారో తెలుగులో రాయండి.

ప్రశ్న: పోయిన సంక్రాంతికి ఎవరెలా చూశారో ఇప్పుడు చూద్దామంటే యూజర్ ఎక్స్‌ప్లోరర్‌లో ఏమీ లేదు. ఎందుకు?

జవాబు: మీరు ముట్టుకోకపోతే ఆ వివరాలు 2 నెలలే ఉంటాయి. అనలిటిక్స్ అడ్మిన్‌లో డేటా రిటెన్షన్ దగ్గర 14 నెలలకు మార్చండి. మొత్తం లెక్కలు చూపే మామూలు రిపోర్టులకు ఈ గడువు లేదు. క్లారిటీ రికార్డింగులు సాధారణంగా 30 రోజులే ఉంటాయి. పండగ అమ్మకాలకు ముందే ఆ రిటెన్షన్ సెట్టింగ్ మార్చుకోండి, చెరిగిపోయినవి మళ్లీ రావు.