ఐన్‌స్టీన్ మెసేజ్ వచ్చిన ఇంటికి

పిల్లాడికి ఆటిజం అని డాక్టరు చెప్పిన వారం పది రోజుల్లో ఆ ఇంటి ఫోనుకి ఒక మెసేజ్ వచ్చేస్తుంది. పంపేది మేనమామో, ఆఫీసు స్నేహితుడో. ఐన్‌స్టీన్‌కి ఆటిజమేనట, న్యూటన్‌కీ అంతేనట, మన రామానుజన్ కూడా అలాంటివాడేనట. నిప్పు రాజేసినవాడు, చక్రం తిప్పినవాడు కూడా వాళ్లేనట. వాళ్లే లేకపోతే మనిషి ఇంకా గుహల్లోనే ఉండేవాడట. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. పంపినవారి మనసు మంచిదే. అది చదివి ఆ పూటకి కళ్లు తుడుచుకుని లేచిన తల్లులు నాకు తెలుసు. ఆరు నెలలు తిరిగేసరికి అదే మెసేజ్ వాళ్లని ఎలా పీడిస్తుందో కూడా తెలుసు. అందుకే ఇందులో శాస్త్రం ఎంత, మన ఆశ ఎంత, మీ ఇంటికి పనికొచ్చేది ఎంత అని ఒకసారి నెమ్మదిగా చూద్దాం.

చనిపోయినవాళ్లకి జబ్బుల చీటీ రాయడం సులువు, వాళ్లు కాదనరు కదా! ఆటిజం అవునో కాదో తేల్చాలంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో పెంచినవాళ్లని అడగాలి. న్యూటన్ విషయంలో రెండూ కుదరవు. కాస్త గట్టి ఆధారం కనిపించేది హెన్రీ కావెండిష్ దగ్గర. 1798లో సీసపు గుండ్ల సాయంతో భూమి సాంద్రత కొలిచిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆయన. మనుషుల ముఖం చూడటానికే ఇబ్బంది పడేవాడు. భోజనానికి ఏం కావాలో పనివాళ్లకి నోటితో చెప్పకుండా చీటీ రాసి పెట్టేవాడని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ 2001లో ఆయనకి ఆస్పర్జర్స్ అనే ఒక రకం ఆటిజం ఉండి ఉండవచ్చని ఒక చిన్న వ్యాసం రాశారు. అంత పెద్ద వైద్యుడు కూడా శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టారు. మన మెసేజీల్లో ఆ ప్రశ్నార్థకమే రాలిపోతుంది. రామానుజన్ జోలికి మాత్రం వెళ్లకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం.

పరిణామం సంగతి వేరు. అక్కడ నిజంగానే ఆలోచించదగ్గ మాటలున్నాయి. ముందు ఒక పిల్లాడిని చూడండి.

నాకు తెలిసిన ఆరేళ్ల బాబు ఒకడున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు. గ్యాస్ బండి చప్పుడు వినిపిస్తే మాత్రం గేటు దగ్గరికి పరుగు. ప్రతి సిలిండర్ మెడ దగ్గరా ఉండే పట్టీ మీది అక్షరం, అంకె చదవాలి వాడికి. ఏ-26, సి-27, డి-25. సంవత్సరాన్ని మూడేసి నెలల చొప్పున నాలుగు భాగాలు చేసి, ఆ సిలిండర్‌ని మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలో చెప్పే గుర్తులవి. వాళ్లమ్మకి ఆ సంగతి తెలియదు. డెలివరీ అబ్బాయి పక్కింటివాళ్లకి ఎప్పుడో చెబుతుంటే వీడు విన్నట్టున్నాడు. ఒకరోజు వంటింట్లో సిలిండర్ పక్కన నిలబడి “అయిపోయింది” అన్నాడు. గ్యాస్ అయిపోయిందేమో అనుకుని ఆవిడ స్టవ్ వెలిగించి చూసింది. మంట బాగానే ఉంది. అయిపోయింది గడువు!

ఇలాంటి బుర్రనే కేంబ్రిడ్జ్ ఆచార్యుడు సైమన్ బారన్-కోహెన్ 2020లో రాసిన పుస్తకంలో మనిషి కథకి కేంద్రంగా పెట్టారు. ‘ఇది ఇలా ఉండి, దానికి అలా చేస్తే, ఫలానాది జరుగుతుంది’ అని లోకాన్ని విడదీసి చూసే శక్తి మనిషికి 70 వేల నుంచి లక్ష ఏళ్ల కిందట వచ్చిందని, కొత్త పనిముట్లకీ, వాయిద్యాలకీ, వ్యవసాయానికీ అదే మూలమని ఆయన వాదన. ఆ శక్తి ఎక్కువ మోతాదులో ఉన్నవాళ్లకీ, ఆటిజం ఉన్నవాళ్లకీ కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉన్నాయని కూడా అంటారు. వాదన ఆకర్షణీయంగానే ఉంది. అయితే తవ్వకాలు చేసేవాళ్లలో చాలామంది దీనికి ఒప్పుకోరు. ఆఫ్రికాలో దొరికిన ఆధారాలు చూస్తే మనిషి తెలివి ఒక్కసారిగా వెలగలేదు, లక్షల ఏళ్లపాటు అక్కడక్కడా మెల్లగా పెరిగింది అంటారు. ఇంకో సంగతి, జన్యువుల్లో కొంత ఉమ్మడి ఉందంటే చక్రం చేసినవాడికి ఆటిజం ఉందని అర్థం కాదు. ఈ రెండిటినీ ఒకటిగా కలిపేసి మెసేజ్ తయారుచేశారు.

గుహల మాట వచ్చింది కాబట్టి నాదియా గురించి కూడా చెప్పాలి. 1967లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆ పాపకి ఆటిజం, మాటలు లేనట్టే. మూడున్నరేళ్లకే పరుగెత్తే గుర్రాలని పెద్ద చిత్రకారులు వేసినట్టు వేసేది. 1998లో మనస్తత్వవేత్త నికొలస్ హంఫ్రీ ఆ బొమ్మల్ని ఫ్రాన్స్‌లోని షోవే గుహలో 30 వేల ఏళ్లు దాటిన బొమ్మల పక్కన పెట్టి చూపించారు. రెండూ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కానీ పెద్దయ్యేకొద్దీ నాదియా చేతిలో ఆ బొమ్మల పట్టు చాలావరకు పోయింది. పోయాక కూడా ఆమె నాదియానే. అప్పుడూ ఆమెకి అన్నం పెట్టాల్సి వచ్చింది, తోడు ఉండాల్సి వచ్చింది. ఆ భాగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

జన్యువుల దగ్గర మాత్రం మీ ఇంటికి నేరుగా పనికొచ్చే మాట ఒకటుంది. అయిదు దేశాల సమాచారంతో 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, ఆటిజంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 80 శాతం వంశపారంపర్యమని తేల్చింది. ఇది వినగానే మన ఇళ్లలో మొదటి ప్రశ్న “మీ వైపు నుంచా, మా వైపు నుంచా?” అత్తగారు “మా వంశంలో ఇలాంటివి లేవమ్మా” అంటారు. దయచేసి ఆ పంచాయితీ పెట్టుకోకండి. ఆ వారసత్వంలో ఎక్కువ భాగం ఏ ఒక్క చెడ్డ జన్యువుదో కాదు, అందరి ఒంట్లోనూ ఉండే వేలకొద్దీ చిన్న చిన్న తేడాలది. అవి సగటున చదువు ఎక్కువ సాగడంతో కూడా ముడిపడి ఉన్నాయని లెక్కలు చూపిస్తున్నాయి. ఆ లెక్కల పుస్తకం పక్కకి జరిపితే మీ మామగారికి కోపం రావడం, మీ ఆయన మేకులన్నీ సైజు ప్రకారం డబ్బాల్లో సర్దుకోవడం, మీరు పెళ్లిళ్లకి వెళ్లాలంటే తలనొప్పి తెచ్చుకోవడం, అవన్నీ కూడా ఈ తేడాల్లోవే అయి ఉండవచ్చు. కొందరు పిల్లల్లో మాత్రం తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పు ఒకటి గట్టిగా పనిచేస్తుంది. అది ఎవరి వైపు నుంచీ రాలేదు.

అలా వచ్చే మార్పుల్లో ఒకదాని కథ నాకు పరిణామం గురించి చదివినవాటన్నిటిలోకీ నచ్చింది. 16వ క్రోమోజోమ్ మీద బోలా2 అనే జన్యువుంది. ఒంట్లో ఇనుము వాడకంతో దానికి సంబంధం. సుమారు 2,82,000 ఏళ్ల కిందట, నియాండర్తల్ మనుషుల్లో కాకుండా మన జాతిలోనే అది ఒకటికి రెండై పెరిగింది. అదనపు కాపీలు తక్కువ ఉన్నవాళ్లలో రక్తహీనత ఎక్కువ కనిపించింది కాబట్టి ఆ పెరుగుదల మనకి మేలు చేసిందనే అనుకోవాలి. కానీ చూసి రాసేవాడికి ఒకే వాక్యం పేజీలో రెండు చోట్ల ఉంటే చూపు మొదటిదాని నుంచి రెండోదానికి జారి మధ్య పేరా ఎగిరిపోతుంది చూశారా, అలా ఈ ఒకేలాంటి ముక్కల మధ్య భాగం అప్పుడప్పుడు అండంలోనో వీర్యకణంలోనో జారిపోతుంది. ఆ భాగం అలా జారిపోయిన పిల్లల్లో కొందరికి ఆటిజం ఉంటుంది. ఆటిజం ఉన్నవాళ్లందరిలో వీళ్లు చాలా కొద్దిమందే. అయినా మనుషులందరి రక్తానికీ అందిన మేలుకి మూల్యం కొందరు పిల్లలు కడుతున్నారన్నది నిజం. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్లనో, గర్భంతో ఉండగా గ్రహణం చూడటం వల్లనో ఆటిజం రాలేదు. టీకాల వల్లా రాలేదు. 12 మంది పిల్లల్ని చూపి టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో వచ్చిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఫోను తగ్గించండి, పిల్లాడితో మాట్లాడే సమయం పెరుగుతుంది. కానీ ఆటిజానికి కారణం ఫోను కాదు.

ఇక ఆ మెసేజ్ వచ్చిన ఆరు నెలల తర్వాత సంగతి. ఒక తల్లి ఏడేళ్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎవరూ వినకుండా అడిగింది: “అందరి పిల్లలకీ ఏదో ఒకటి ఉంటుందంట కదండీ. లెక్కలో, సంగీతమో. మా పాపకి ఏమీ లేదు.” ఆ పాపకి మాటలు రాలేదు. గిన్నెలో బియ్యం పోసి వేళ్ల సందుల్లోంచి జార్చుకోవడం ఇష్టం. గంటసేపైనా జార్చుకుంటుంది. ఆ బియ్యంలో ఏ దాగిన మేధావీ లేడు. పాపకి అది హాయిగా ఉంటుంది, అంతే. ఆ హాయికి నాగరికత నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలా? మేధావుల కథ చేసే కీడు ఇదే. బిడ్డని ఒప్పుకోవడానికి ఒక షరతు పెడుతుంది. ఆ షరతు తీరని ఇంట్లో దుఃఖం రెండింతలవుతుంది.

పరిణామం కథే కావాలంటే నేను ఇంకొకటి చెబుతాను. స్పెయిన్‌లో అటపుయెర్కా కొండల్లో ఎముకలతో నిండిన ఒక గొయ్యి ఉంది. అక్కడ 4,30,000 ఏళ్ల నాటి ఒక బిడ్డ పుర్రె దొరికింది. కడుపులో ఉండగానే పుర్రె ఎముకలు ముందుగా అతుక్కుపోయి తల వంకర తిరిగింది. ముఖం కూడా మిగతా పిల్లల్లా ఉండి ఉండదు, బుద్ధి ఎదుగుదల కూడా దెబ్బతిని ఉండవచ్చు. ఇది ఆటిజం కాదు, ఆ పేరు దీనికి తగిలించకూడదు. నాకు కావలసింది ఒక్క సంగతి. ఆ బిడ్డ కనీసం అయిదేళ్లు బతికింది. చక్రం లేదు, ఇల్లు లేదు, వ్యవసాయం లేదు, మన జాతి మనుషులే ఇంకా పుట్టలేదు. అయినా ఎవరో ఎత్తుకుని తిరిగారు, నమిలి పెట్టారో ఏమో, పెంచారు.

యార్క్ విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెప్పే పెన్నీ స్పికిన్స్ ఈ దారిలోనే ఆలోచించారు. 2016లో ఆమె, ఆమె సహచరులు రాసినదాని సారం ఇది: వింతగా ఉండేవాళ్లని కూడా తమలో ఉంచుకుని, వాళ్లకి వచ్చిన పనికి విలువ ఇచ్చిన గుంపుల్లోనే ఆటిజం లక్షణాలు నిలబడ్డాయి. ఆ వాదనకి ఉదాహరణగా సైబీరియాలో రెయిన్‌డీర్లు కాసే ఒక ముసలాయన వస్తాడు. మందలో 2,600 జంతువులుంటే ఒక్కోదాని తల్లి ఏది, తండ్రి ఏది, ఎప్పుడు ఏ జబ్బు చేసింది, గుణం ఎలాంటిది, అన్నీ ఆయనకి తెలుసు. మనుషులతో కంటే జంతువులతోనే ఆయనకి సుఖం. ఆయనకీ పేరు తగిలించలేం. కానీ పెళ్లాం, కొడుకు, మనవలు అందరూ ఉన్నారు, ఊళ్లో గౌరవం ఉంది. నాకు ఆయన జ్ఞాపకశక్తి కంటే ఆ ఊరు నచ్చింది. ఆ ఊరిని మీరు తయారుచేయగలరు, కనీసం ఒక ఇంటి మేరకు.

ఎలా అంటే, పిల్లాడికి ఏది ఇష్టమో దాన్ని లాక్కోకుండా దాని పక్కన చేరండి. సిలిండర్ బాబు వాళ్లమ్మ అదే చేసింది. అంకెలు చీటీల మీద రాసి, ఒకటి తను చదివి రెండోది వాడికి వదిలేది. “నా వంతు, నీ వంతు” అనే మాట వాడికి అక్కడే వచ్చింది. బియ్యం పాప దగ్గర అమ్మ కూడా ఒక గిన్నె పట్టుకు కూర్చుని, పాప చేయి చాచేదాకా ఆగి పోస్తుంది. చేయి చాచడం అడగడమే కదా. మాట ఆలస్యమైతే బొమ్మల కార్డులు వాడటానికి భయపడకండి, వాటివల్ల మాట రాకుండా పోదు. ఏడాదికి పేరు పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకి వేలుపెట్టి చూపించకపోయినా, “వాళ్ల మేనమామకి నాలుగేళ్లకి వచ్చాయిలే మాటలు” అని కూర్చోకండి. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థకో, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే పట్టుకునే కేంద్రం డీఈఐసీకో తీసుకువెళ్లండి. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే 40 అంశాల పట్టిక తయారైంది ఆ బోయినపల్లి సంస్థలోనే.

థెరపీ వద్దనే వాదన కూడా ఈ మధ్య వింటున్నాను. ప్రకృతే ఇలా చేసింది, మార్చడం దేనికి అని. రాత్రి నిద్ర లేక గోడకి తల కొట్టుకునే పిల్లాడి దగ్గర ఆ మాట నిలవదు. నిద్రకి, కడుపునొప్పికి, మూర్ఛకి వైద్యం చేయించాలి. స్నానం, బట్టలు, బాత్రూమ్ నేర్పాలి. చప్పట్లు కొట్టుకోవడం, గుండ్రంగా తిరగడం లాంటివాటిని మాత్రం మాన్పించాలని పంతం పట్టకండి. ఎవరికీ నష్టం లేనివి అవి.

పెళ్లికి తీసుకువెళ్లండి. అరగంట ఉండి వచ్చేయండి. ఎవరైనా “ఏమైంది పాపకి?” అంటే ఆటిజం అని మామూలు గొంతుతో చెప్పండి. పక్కన నిలబడిన పెద్ద పిల్లాడు ఆ గొంతు నేర్చుకుంటాడు.

కాగితాల పని కూడా ఈ ఏడే మొదలుపెట్టండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ తీసుకుని వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు, ఇంట్లో పిల్లాడు ఎలా ఉంటాడో రెండు మూడు వీడియోలు ఫోనులో ఉంచుకోండి. కొత్త చోట అరగంటలో పిల్లలు అసలు రూపం చూపించరు. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన ఉంటే 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కుగా అడగవచ్చు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో పెట్టుకోవచ్చు. పిల్లాడికి 18 నిండాక చట్టం దృష్టిలో మీరు వాడి తరఫున సంతకం పెట్టలేరు. తన పనులు తను చూసుకోలేని స్థితి ఉంటే, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టాలి. మీ తర్వాత ఎవరు చూసుకుంటారో ఆ మనిషితో ముందే మాట్లాడి ఉంచండి. వాళ్లని ఇప్పటినుంచే ఆదివారాలు ఇంటికి పిలవండి, పిల్లాడికి అలవాటవుతుంది.