తొలగించిన బ్యాకప్, తొలగని ఎర్రర్లు: చిరంజీవికి ఒక లేఖ

చిరంజీవిని ఆశీర్వదించి పెదనాన్న వ్రాయు లేఖ.

తాను పనిచేసే ఆడిటరు ఆఫీసు కంప్యూటరులో రాత్రిపూట నడిచే బ్యాకప్ పనిని ఏనాడో తొలగించినా, ప్రతి రాత్రి అదే వేళకు ఎర్రర్ సందేశం వస్తూనే ఉందని, విసిగిపోయి ఇక ఆ సందేశాలే తెర మీద కనబడకుండా నోటిఫికేషన్లు ఆపేసే ఆలోచన కలిగిందని చిరంజీవి రాసిన ఉత్తరం ఇంట్లో రెండు రకాల కలవరం కలిగించింది. మొదటిది ఆ యంత్రం గురించి. రెండోది, ఆ ఉత్తరం పంపిన వేళ అర్ధరాత్రి దాటి ఉండటం గురించి. రెండోదాని సంగతి పెద్దమ్మ విడిగా రాస్తుంది కాబట్టి, ఈ లేఖ మొదటిదానికే పరిమితం కావాలని ఉద్దేశం. ఆ హద్దు ఎంతవరకు నిలుస్తుందో చిరంజీవికి తెలియనిది కాదు.

బ్యాకప్ అంటే కంప్యూటరులోని ఫైళ్లకు మరొక చోట ఉంచే నకలు. ఆ నకలు తీసే పనిని నిర్ణీత వేళకు మనిషి ప్రమేయం లేకుండా నడిపించేది విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్. విస్టాకు ముందరి విండోస్‌లలో ఒక్కో టాస్కుకు ఒక్కో చిన్న ఫైలు ఉండేది. 2007 జనవరిలో విస్టా విడుదలైనప్పటి నుంచి ఒక టాస్కు వివరాలు రెండు చోట్ల నిలిచే ఏర్పాటు వచ్చింది, చిరంజీవిని వేధిస్తున్న చిక్కు మూలం ఇందులోనే ఉంది. మొదటి చోటు, విండోస్ ఫోల్డరులో ఉండే సిస్టం32లోని టాస్క్స్ అనే ఫోల్డరు. అక్కడ ప్రతి టాస్కుకు ఎక్స్ఎంఎల్ రూపంలో, అంటే మనిషి కూడా చదవగలిగే గుర్తులతో రాసిన పాఠ్యంగా, ఒక ఫైలు ఉంటుంది. రెండో చోటు రిజిస్ట్రీ, అంటే విండోస్ తన అమరికలన్నిటినీ దాచుకునే కేంద్ర పట్టిక. అందులో షెడ్యూల్ విభాగం కింద టాస్క్‌క్యాష్ అనే భాగం ఉండగా, దానిలోని ట్రీ అనే శాఖ టాస్కు పేరును, ఆ పేరుకు కేటాయించిన పొడవాటి గుర్తింపు సంఖ్యను భద్రపరుస్తుంది, టాస్క్స్ అనే మరో శాఖ ఆ సంఖ్య కింద టాస్కు ఎప్పుడు నడవాలో, ఏం చేయాలో వివరంగా దాచుకుంటుంది. ఫైలు నుంచి లెక్కగట్టిన హాష్ అనే ముద్ర కూడా అక్కడే ఉంటుంది, దాన్నిబట్టి ఫైలును ఎవరైనా మార్చారా లేదా అన్నది షెడ్యూలరుకు తెలిసిపోతుంది.

ఉత్తరాన్ని బట్టి చూస్తే, చిరంజీవి చేసింది మొదటి చోట ఉన్న ఫైలును చేత్తో చెరిపేయడం. పాసుబుక్కు చించేసినంత మాత్రాన బ్యాంకులో ఖాతా మూతపడనట్టే, ఫైలు చెరిపినంత మాత్రాన రిజిస్ట్రీలోని నమోదు పోదు. ఆ నమోదును నమ్ముకుని షెడ్యూలర్ తన విధి తాను చేయబోతుంది, జత కుదరక ఫిర్యాదు చేస్తుంది. ఫైలు పూర్తిగా లేనప్పుడు సాధారణంగా 80070002 అంకెలతో, పేర్కొన్న ఫైలు దొరకలేదనే సందేశం వస్తుంది. ఫైలు, నమోదు రెండూ ఉండి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు 80041321 అంకెలతో, టాస్కు రూపం చెడిపోయిందని లేదా ఎవరో దాన్ని మార్చారని చెప్పే సందేశం వస్తుంది. ఎంచుకున్న టాస్కు ఇప్పుడు లేదని షెడ్యూలర్ తెర చూపించే ఫిర్యాదు కూడా ఈ కుటుంబానికే చెందుతుంది. ఇవన్నీ యంత్రం మొండితనం కాదు, అది చెబుతున్న నిజం. ఆ నిజాన్ని వినే ఓపిక చిరంజీవికి చిన్నప్పటి నుంచే ఉంది.

చికిత్సకు ముందు పరీక్ష అవసరం. ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తనలో జరిగే సంఘటనలను వేళతో సహా నమోదు చేసే చోటు, తెరిచి రాత్రి వచ్చిన సందేశం ఎవరి పేరుతో నమోదైందో ముందుగా చూడాలి. టాస్క్ షెడ్యూలరుకు ప్రత్యేకంగా ఉన్న ఆపరేషనల్ చిట్టా చాలా కంప్యూటర్లలో ఆపి ఉంటుంది గనుక దాన్ని ఆరంభించి ఒక రాత్రి వేచి ఉండటం మంచిది. అందులో 101 అంటే టాస్కు మొదలు కాలేకపోయిందని, 203 అంటే టాస్కు చేయవలసిన చర్య మొదలు కాలేదని, 141 అంటే టాస్కు నమోదు పద్ధతి ప్రకారం తొలగిందని అర్థం. తొలగించిన నాటికి ఆ చిట్టా నడుస్తూ ఉండి, 141 కనబడకపోతే, తొలగింపు షెడ్యూలర్ ద్వారా జరగలేదని తేలిపోతుంది. సందేశం షెడ్యూలరుది కాక వాల్యూమ్ షాడో కాపీ అనే సేవది అయితే, ముఖ్యంగా 8193, 12289 వంటి సంఖ్యలతో ఉంటే, దారి మారుతుంది: వాడుకలో ఉన్న ఫైళ్లకు కూడా ఒక క్షణపు స్థిరచిత్రం తీసి నకలుకు వీలు కల్పించే సేవ అది, వేరే సంస్థ తయారు చేసిన బ్యాకప్ ప్రోగ్రామును తీసేసినప్పుడు దాని తాలూకు అవశేషాలు ఈ సేవలో మిగిలిపోవడం ఉంది. అప్పుడు వీఎస్ఎస్అడ్మిన్ అనే ఆదేశంతో ప్రొవైడర్ల, అంటే ఆ స్థిరచిత్రాలు తీసే భాగాల, జాబితా తెప్పించి, తీసేసిన ప్రోగ్రాము పేరు అందులో ఉందేమో చూడాలి.

చిరంజీవి విషయంలో లక్షణాలు షెడ్యూలర్ వైపే చూపిస్తున్నాయి. నిర్వాహక హక్కులతో రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, ట్రీ శాఖలో ఆ బ్యాకప్ టాస్కు పేరును వెతికి, అక్కడి గుర్తింపు సంఖ్యను కాగితం మీద రాసుకుని, టాస్క్స్ శాఖలోను, బూట్, లాగాన్, ప్లెయిన్ అనే ఉపశాఖల్లోను అదే సంఖ్య ఎక్కడుందో చూడాలి. విండోస్ సొంత బ్యాకప్ అయితే ట్రీ శాఖలో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్‌బ్యాకప్ అనే మెట్ల కింద దాని పేరు దొరుకుతుంది. చెరిపే ముందు టాస్క్‌క్యాష్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఒక ఫైలుగా బయటికి తీసి దాచుకుని, ఆ ఒక్క పేరును, ఆ ఒక్క సంఖ్యను మాత్రమే తొలగించి, కంప్యూటరును మళ్లీ ఆన్ చేయాలి. విసుగులో ట్రీ శాఖ మొత్తాన్ని చెరిపేసే పని ఏ పరిస్థితిలోనూ చేయరాదు, ఎందుకంటే విండోస్ తన సంరక్షణ కోసం నడుపుకునే పనులన్నీ అక్కడే ఉంటాయి. భోజనం చేయకుండా ఈ పనికి కూర్చోకూడదు. ఆకలి మీద ఉన్న చేతులు తప్పు పేరును చెరుపుతాయి.

షెడ్యూలర్ జాబితాలో పేరు కనబడనంత మాత్రాన టాస్కు లేనట్టు కాదన్నది కూడా గుర్తుంచుకోదగ్గది. 2022 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వెల్లడించిన టారాస్క్ అనే హానికర ప్రోగ్రాము, రిజిస్ట్రీలోని ఒక్క విలువను చెరిపి తన టాస్కును జాబితాకు కనబడకుండా చేసుకునేది. ఆఫీసు యంత్రంలో అలాంటిదేదో ఉందని భయపడనక్కరలేదు గానీ, తెలియని పేరేదైనా ట్రీలో కనబడితే దాన్ని వదిలేయకుండా విచారించాలి.

ఎర్రర్ సంగతి ఇంతటితో ముగుస్తుంది, కానీ పెదనాన్నను నిద్రపోనివ్వనిది ఎర్రర్ కాదు. టాస్కును తొలగించిన రోజు నుంచి ఈ రోజు వరకు ఆ యంత్రంలోని ఖాతాదారుల లెక్కలకు నకలు ఎక్కడుందన్న ప్రశ్న ఉత్తరంలో ఒక్క వాక్యంలోనూ కనబడలేదు. బ్యాకప్ పనిచేయడం లేదని రాత్రికొకసారి అరుస్తున్న యంత్రం నోరు నొక్కితే, ఆ తరువాత అక్కడ మిగిలేది అంతా బాగుందన్న భ్రమ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేసినప్పుడు, రోజూ నకలు తీయవలసిన పని ఎన్నాళ్ల నుంచో విఫలమవుతోందని అప్పుడు బయటపడింది, డేటాబేసు 9.6 వెర్షనుది కాగా నకలు తీసే సాధనం 9.2 వెర్షనుది కావడం దానికి కారణం. విఫలమైన ప్రతిసారీ హెచ్చరిక ఈమెయిలు బయలుదేరేది, కానీ వాటికి ఉండవలసిన ధ్రువీకరణ లేక అవతలి వైపు తిరస్కరించడంతో ఎవరికీ చేరేవి కావు. మరో అవసరానికి ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి తీసి ఉంచిన డేటాబేసు స్థిరచిత్రం ఒకటి దొరకబట్టి ఆ సంస్థ నిలబడింది, ఆ ఆరు గంటల పని మాత్రం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 700 కొత్త ఖాతాల వరకు దెబ్బ తగిలింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా లోకానికి వివరించింది, అందుకు మెచ్చుకోవాలి. ఆ ఇంజనీర్లకు హెచ్చరికలు అందలేదు. చిరంజీవికి అందుతున్నాయి, వాటిని చిరంజీవి తన చేతులతోనే ఆపబోతోంది.

పెదనాన్న బ్యాంకులో చేరిన కాలానికి, రంగరాజన్ కమిటీ 1984 నివేదిక తరువాత శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వస్తున్నాయి, వాటితోపాటే సాయంత్రం ఫ్లాపీల్లో నకలు తీసే అలవాటు వచ్చింది. సోమవారానికొకటి, మంగళవారానికొకటి, వారానికొకటి, నెలకొకటి చొప్పున తాత, తండ్రి, కొడుకు అని పిలిచే వరుసలో వాటిని తిప్పేవారు. హెడ్ క్లర్కు ఆ ఫ్లాపీలకు పసుపు రంగు చీటీలు అంటించి, దేవుడి పటం పక్కన బీరువాలో పెట్టి తాళం వేసేవాడు, ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. యంత్రం చెడి ఫ్లాపీలను కొత్త యంత్రంలో పెట్టిన రోజున ఒక్కటీ చదవబడలేదు, ఎందుకంటే పాత యంత్రం ఫ్లాపీ డ్రైవులో రాసే హెడ్ కొద్దిగా పక్కకు జరిగి ఉండటంతో, అది రాసినదాన్ని అది తప్ప మరో యంత్రం చదవలేకపోయింది. నెలల తరబడి ప్రతి సాయంత్రం నకలు తీశారు, ఒక్క సాయంత్రం కూడా వేరే చోట చదివి చూడలేదు. అచ్చు తీసిన కాగితాలు ఉండబట్టి లెక్కలన్నీ మళ్లీ ఎక్కించగలిగారు. ఆ రాత్రి క్యారియరులో భోజనం తెచ్చిన చిరంజీవి తండ్రి, అప్పటికి ఇంకా కాలేజీ కుర్రవాడు, ఇంటికి వెళ్లకుండా తెల్లవారేదాకా కూర్చుని అంకెలు పైకి చదివి వినిపించాడు. చిరంజీవి అంకెలు చదివే తీరులో ఇప్పటికీ ఆ గొంతే వినిపిస్తుంది.

పోయినదాన్ని మళ్లీ పూరించడం అన్నిచోట్లా సాధ్యం కాదు. పోతన భాగవతంలో శిథిలమైపోయిన భాగాలను గంగన, సింగన, నారయ మళ్లీ రచించి పూరించవలసి వచ్చిందన్నది తెలుగు సాహిత్యం చదివిన వారందరికీ తెలుసు. కావ్యాన్ని మరో కవి పూరించగలడేమో గానీ, ఒక ఖాతాదారుడి మూడేళ్ల కిందటి కొనుగోలు బిల్లును ఎవరూ ఊహించి పూరించలేరు. పైగా ఇది ఇష్టానికి వదిలిన విషయం కూడా కాదు: ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే కంపెనీల ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్లలో రోజువారీగా ఉంచాలని, 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల ఖాతాల నియమాలు చెబుతున్నాయి, అంతకుముందు నిర్ణీత వ్యవధికొకసారి అని మాత్రమే ఉండేది. ఆఫీసు ఖాతాదారుల్లో ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు ఉన్నాయని చిరంజీవే దసరాకు చెప్పింది. వాటి పుస్తకాలు ఆ యంత్రంలోనే నడుస్తున్నట్టయితే, ఆగిన బ్యాకప్ సంగతి ఆడిటరుగారికి ఈపాటికే చెప్పి ఉండాలి. చెప్పకపోతే రేపే చెప్పాలి, చిన్న ఉద్యోగినని జంకనక్కరలేదు.

అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం చిరంజీవికి తెలిసే ఉంటుంది: ఏ ఫైలుకైనా మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, వాటిలో ఒకటి వేరే చోట. ఆ సూత్రం మంచిదే, కానీ తిరిగి తెచ్చి చూడనిదే ఎన్ని ప్రతులున్నా అవి నకళ్ల కింద లెక్కకు రావన్నది పెదనాన్న అభిప్రాయం, ఈ అభిప్రాయం ఇక మారదు. రిస్టోర్, అంటే నకలు నుంచి ఫైలును తిరిగి తీసుకురావడం, ప్రమాదం జరిగిన రోజున మొదటిసారి నేర్చుకునే పని కాకూడదు. పాత టాస్కు అవశేషాలు తొలగించాక కొత్త బ్యాకప్‌ను కంట్రోల్ ప్యానెల్ ద్వారానే ఏర్పాటు చేయాలి, ఫోల్డర్లలో చేయి పెట్టకూడదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఆఫీసు యంత్రం దాని మీదే నడుస్తున్నట్టయితే, కొత్త యంత్రం సంగతి కూడా ఆడిటరుగారి చెవిన వేయాలి. ఆ తరువాత నెలకొకసారి, ఏదో ఒక ఖాతాదారుడి ఫోల్డరును ఆ కంప్యూటరులో కాక మరో కంప్యూటరులోకి తిరిగి తెచ్చి, తెరిచి, చివరి పేజీలోని మొత్తం అసలుతో సరిపోయిందో లేదో చూసి, తేదీతో ఒక పుస్తకంలో రాసుకోవాలి. తెరుచుకుందని సరిపెట్టుకోకూడదు, అంకె సరిపోవాలి.

చిరంజీవి పట్టుదల మీద ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు; నాన్న పోయాక ఆ ఇంటిని నడుపుకొచ్చిన తీరు చూసినవారికి ఈ చిన్న యంత్రం ఒక లెక్క కాదు. అయినా అర్ధరాత్రి దాకా ఒంటరిగా ఆఫీసులో కూర్చోవడం వద్దు, రిజిస్ట్రీ పని పగటిపూట, ఆఫీసులో మరొకరు ఉండగా చేయడం మంచిది. ఈ ఆదివారంలోగా ఒక ఫోల్డరును తిరిగి తెచ్చి, ఏది వచ్చిందో, ఏది రాలేదో రెండు వాక్యాలు రాస్తే చాలు. అప్పటివరకు నోటిఫికేషన్లు మాత్రం ఆపవద్దు.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెదనాన్న