వాడరేవు ఇసుకలో ఒక పాఠము

చలి ముదిరినంతనే మన గుంటూరు, ప్రకాశము మైదానములలో ప్రత్తి తీతలు సాగును, మిరపచేలు ఎరుపెక్కును. అది చేను చెప్పు ఋతువు. చీరాల దాటి కొద్ది మైళ్ళు తూర్పునకు పోయినచో, సముద్రము చెప్పు ఋతువు మరియొకటి కలదు. వాడ యనగా ఓడ. వాడరేవు ఓడలు నిలిచిన రేవు. ఆ ఓడల వైభవము గతించినను, పుష్య మాఘ మాసములలో ఆ తీరమునకు నేటికిని ఒక అతిథి వచ్చుచునే యున్నది. అది ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేలు. మన ఉర్దూ విద్యార్థులు కఛువా యనునది ఈ ప్రాణినే.

గత శీతకాలమున కొందరు విద్యార్థులతో వేకువజామున ఆ తీరమున నడచితిని. తడి యిసుకపై నీటి అంచు నుండి గట్టువైపునకు సాగిన వెడల్పాటి చార యొకటి కన్పట్టినది. "ఎవరో మూట ఈడ్చుకొని పోయినారు సార్" అని ఒకడనెను. మత్స్యకార కుటుంబమునకు చెందిన విద్యార్థి నవ్వి, "కాదు సార్, తాబేలు గుడ్లు పెట్టి పోయింది" అనెను. పుస్తకములు చదివిన మాకు తెలియనిది అతనికి తెలిసినది. మరికొంత దూరము పోగా చచ్చి ఒడ్డునబడిన తాబేలు కనబడినది. డిప్పపై గాయమేమియు లేదు. "మరి ఎట్లు చచ్చినది?" అని విద్యార్థులడిగిరి. నాడు నాయొద్ద సమాధానము లేదు. ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబే ఈ వ్యాసము.

జీవనక్రమము

సముద్రపు తాబేళ్ళలో ఇది చిన్న జాతి. పెరిగిన తాబేలు రెండడుగులకు మించిన పొడవు, నలుబది కిలోల అటునిటు బరువు కలిగియుండును. పీతలు, రొయ్యలు, జెల్లిచేపలు దీని ఆహారము. తాను పుట్టిన తీరప్రాంతమునకే తిరిగివచ్చి గ్రుడ్లు పెట్టుట ఆడ తాబేటి స్వభావము. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరములలో ఇవి వేలకొలదిగా ఒక్కమారు వచ్చును. మన తీరమున ఒంటరిగా వచ్చును. రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో మూరెడు లోతు గుంట త్రవ్వి, నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరలిపోవును. తల్లి పిల్లలను మరల చూడదు.

నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వెచ్చదనము హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు అధికముగా పుట్టుట విచిత్రము. రాత్రి వెలికివచ్చిన పిల్లలు వెలుతురుగానున్న దిక్కే సముద్రమని నమ్మి సాగును. వేయింట ఒక్కటి మాత్రమే పెద్దదగునని శాస్త్రజ్ఞుల అంచనా. కావున పెద్ద తాబేలు ఒకటి చచ్చిన, వేయి పిల్లల ఫలము నశించినట్లే.

మరణమునకు కారణము

తాబేలు నీట బ్రతుకునుగాని నీటిలో ఊపిరి తీయదు. గాలికొరకు పైకి రావలెను. మరపడవల ట్రాలు వలలో చిక్కి గంటలకొలది పైకి రాలేకపోయినచో ఊపిరాడక చచ్చును. గాయము లేకుండుటకు కారణమిదియే. తీరమున కుక్కలు, నక్కలు గ్రుడ్లు త్రవ్వి తినును. విడిదిగృహముల దీపములు పిల్లలను సముద్రమునుండి మరలించి రోడ్డువైపునకు నడిపించును.

రక్షణోపాయములు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జాతికి మొదటి షెడ్యూలు రక్షణ నొసగినది. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్యవేట చట్టము క్రింద తీరమునకు 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేటనిషేధము కలదు. కాని అప్పటికి గ్రుడ్లుపెట్టు కాలము చాలవరకు గడచిపోవును. వలలో వాలుగా అమర్చు ఇనుపచట్రమొకటి కలదు. రొయ్యలు దాని సందులగుండ లోనికి పోవును. తాబేలు దానికి తగిలి పైనున్న ద్వారమున బయటపడును. ఇట్టి చట్రము వాడని దేశముల సముద్రపు రొయ్యలను అమెరికా నిరాకరింపగా, 1996లో భారతదేశము మొదలగు నాలుగు దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినవి. వాడరేవు వలకును ప్రపంచపు బజారునకును సంబంధమిట్టిది.

సూర్యలంక తీరమున అటవీశాఖవారు గ్రుడ్లు సేకరించి, కంచెలలో పొదిగించి, పిల్లలను కడలిలో విడుచుచున్నారు.

మన కర్తవ్యము

మత్స్యకారుని నేరస్థునిగా చూచుట న్యాయము కాదు. చట్రముగుండ కొంత రొయ్య జారిపోవునని అతని భయము. ఆ నష్టము నెవరు భరింతురన్నది న్యాయమైన ప్రశ్న. అతనిని కలుపుకొనని సంరక్షణ నిలువదు. గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెరువున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు నిలిచినవనిన, ఆ గ్రామస్థులు వానిని తమవిగా నెంచుటవలననే.

విద్యార్థులారా! జనవరి నుండి మార్చి వరకు తీరమునకు పోయినపుడు తాబేలుపై దీపము వేయకుడు, గూడు త్రవ్వకుడు, కనబడిన అటవీశాఖకు తెలుపుడు. గూళ్ళు, మరణములు, తేదీలు ఒక పుస్తకమున వ్రాయుడు. వేసవిలో పిల్లలు వెలువడువరకు ఆ లెక్క సాగవలెను. కళాశాల కమిటీవారు ఏటేట ఒక్క తీరయాత్రకు అనుమతించి, ఆ పుస్తకమును గ్రంథాలయమున భద్రపరచిన, పదియేండ్లకు అది మన కళాశాల సంపాదించిన జ్ఞానమగును. నాడు జాడ గుర్తించిన ఆ విద్యార్థియే దానిలో మొదటి పుట వ్రాయవలెనని నా కోరిక.