అమ్మలుకు, రాజా కీళ్ల సంగతి

తెనాలి

 

అమ్మలూ, మీ కుక్క రాజా వీడియో చూశాను. లేవబోతే ముందుకాళ్లు ఊతం పట్టాయి గాని, వెనకకాళ్లు టైల్స్ మీద చెరో పక్కకీ జారిపోయాయి. ఎలాగో లేచి, కాళ్లు బిగబట్టుకుని నాలుగడుగులు వేశాడు. హాలు దాటేసరికి కాస్త మామూలు నడకలో పడ్డాడు. పడుకుని లేచినప్పుడు పట్టేసి, కాసేపు తిరిగాక తేలికపడడం కీళ్లు అరిగిన కుక్కల్లో కనిపించే నడకే. లాబ్రడార్లకి తుంటి కీళ్ల బలహీనత వంశపారంపర్యంగా వస్తుంది. పైగా వాడికి పదకొండేళ్లు. అయినా ఇన్నేళ్లు పశువైద్యం చేసినవాణ్ణి కనుకే చెబుతున్నాను, వీడియో చూసి జబ్బు తేల్చకూడదు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది కదా, ఒకసారి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించు.

"మూలగడం లేదు కదా పెదనాన్నా, నొప్పి అంతగా లేదేమో" అన్నావు. అక్కడే చాలామంది పొరబడతారు. కీళ్లనొప్పి ఉన్న కుక్క మూలగడం తక్కువ. నొప్పి వాడి అలవాట్లలో బయటపడుతుంది. సోఫా ఎక్కడం మానేస్తాడు. కాలింగ్ బెల్ మోగితే గుమ్మందాకా రాకుండా ఉన్నచోటే తోక ఆడిస్తాడు. ఒకే కీలుని పదేపదే నాకుతుంటాడు. వెనక తొడల్ని రెండు చేతులతో పట్టి చూడు, నొప్పి ఉన్న వైపు కండ సన్నబడుతుంది. పిల్లవాడు మీద చెయ్యి వేస్తే రాజా గుర్రుమంటున్నాడని రాశావు. రాజాని తిట్టకండి. నడుము దగ్గర ముట్టుకోవద్దని పిల్లవాడికి నచ్చజెప్పండి.

మొన్న తూచితే 41 కిలోలు ఉన్నాడన్నావు. నా దిగులంతా ఆ అంకె మీదే. మగ లాబ్రడార్ 36 కిలోలు దాటకపోతే మంచిది. అరిగిన కీళ్ల మీద అయిదు కిలోల అదనపు బరువుతో లేస్తూ, కూర్చుంటూ ఉన్నాడు వాడు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, చనిపోయేదాకా గమనించారు. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లకు మందు వాడాల్సిన అవసరమూ వాటికి ఆలస్యంగానే వచ్చింది. బరువెక్కి కుంటుతున్న కుక్కల మీద చేసిన ఇంకో పరిశీలనలో, ఒంటి బరువులో ఆరు శాతం పైన తగ్గేసరికే నడక మెరుగైంది. రాజా లెక్కన అది రెండున్నర కిలోలు. ఇంతకన్నా మంచి మందు నేను రాసివ్వలేను అమ్మలూ. ఇది నీ చేతుల్లో ఉన్న మందు.

ఉన్నపళంగా తిండి కోసెయ్యకు. వారానికి నాలుగొందల గ్రాములు తగ్గితే చాలు. అన్నం పావు వంతు తగ్గించి, ఆ జాగాలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన సొరకాయ, బీన్స్ కలుపు. కోడిమాంసం, గుడ్డు తగ్గించకు. కండ కరిగితే కీలుకి ఆసరా పోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు. మీ అత్తగారు పొద్దున టీతో పాటు వాడికి పెట్టే బిస్కెట్లు ఆగాలి. ఆవిడకి వాడంటే ప్రాణమని నాకు తెలుసు, అందుకని నేను చెప్పానని చెప్పు. ఆ చేత్తోనే రెండు క్యారెట్ ముక్కలు పెట్టమను, వాడికి కావలసింది ఆవిడ చెయ్యే. తగ్గుతున్నాడో లేదో తెలియాలంటే పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి నిమురు. గట్టిగా నొక్కకుండానే ఎముకలు ఒక్కొక్కటీ వేళ్లకి తగలాలి. ఇప్పుడు తగలవు.

తరువాత నేల. నున్నటి టైల్స్ మీద జారిన ప్రతిసారీ నొప్పి కీలు మెలిపడుతుంది. ఇల్లంతా తివాచీ పరవనక్కర్లేదు. వాడు పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్ణుంచి గుమ్మం దాకా రబ్బరు అడుగున్న పట్టాలు వరసగా వెయ్యి. పాత యోగా మ్యాట్లు కోసి వేసినా సరే. నడుస్తుంటే గోళ్లు టకటకమంటున్నాయంటే పెరిగాయన్నమాట. గోరు నేలకి తగిలితే పాదం సరిగ్గా ఆనదు. గోళ్లు తీయించి, పాదాల మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా కత్తిరించు. అన్నం గిన్నె పీట మీద పెడితే మెడ వంచి మోచేతుల మీద బరువు మోపే బాధ తప్పుతుంది.

పక్క మందంగా ఉండాలి. మోచెయ్యి ఆనించినా అడుగున నేల తగలకూడదు. చలిలోనూ, ఏసీ గదిలోనూ వట్టి నేల మీద పడుకోనివ్వకు. పొద్దున వాడు లేవకముందే తుంటి మీద కాపడం పెట్టు. గోరువెచ్చని నీళ్లు పోసిన సీసాకి తువ్వాలు చుట్టి, ముందు నీ మణికట్టు లోపలివైపు ఆనించుకుని వేడి చూసుకో. పది నిమిషాలు చాలు. ఆ తరువాత తొడ కండల్ని మెల్లగా ఒత్తు. వాడు తల తిప్పి నీ చెయ్యి వంక చూస్తే అక్కడ నొప్పి ఉందని, ఆపేయాలని అర్థం. కీలు వాచి వేడిగా ఉంటే మాత్రం కాపడం వద్దు.

నడక మానిపించకు. ఆదివారం మాత్రం పార్కులో గంటసేపు తిప్పి, మిగతా రోజులు ఇంట్లో ఉంచడం వాడికి చెరుపు. రోజూ మూడు పూటలా పది పదిహేను నిమిషాలు, మట్టి నేల మీద, వాడి వేగంతో తిప్పు. బంతి విసిరి పరిగెత్తించే ఆట ఇక చాలించండి. లిఫ్టు పనిచెయ్యని రోజు మెట్ల దగ్గర పొట్ట కింద, వెనకకాళ్లకి కాస్త ముందుగా, తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకో. బరువంతా నువ్వు మొయ్యక్కర్లేదు, ఊతం దొరికితే వాడే ఎక్కుతాడు.

ఇక మీ మామగారి మోకాళ్ల మాత్ర సగం తుంచి వెయ్యనా అని అడిగావు. వద్దు. ఒక్క ముక్క కూడా వద్దు. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాల్ని చెడగొడతాయి. పారాసెటమాల్‌తో కాలేయం దెబ్బతింటుంది. డైక్లోఫెనాక్ ఎక్కించిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించింది అందుకే. కుక్కలకి మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్ లాంటివి వేరే ఉన్నాయి. రక్తపరీక్షలో కాలేయం, మూత్రపిండాలు బాగున్నాయని చూసి, తూచిన బరువుకి లెక్కగట్టి డాక్టరు రాయాలి. అన్నం తిన్నాకే వెయ్యాలి. వాంతులయినా, మలం నల్లగా వచ్చినా, తిండి మానేసినా అప్పటికప్పుడు ఆపి ఫోన్ చెయ్యాలి. స్టెరాయిడ్లతో కలిపి వాడనే కూడదు. నొప్పి బామ్‌లు కూడా రాయకండి. కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె వాడు నాకి మింగితే విషం.

చేపనూనె మంచిదే, ఎంతన్నది డాక్టర్ని అడుగు. కాడ్ లివర్ ఆయిల్ దానికి బదులు కాదు. గ్లూకోసమైన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఆ డబ్బు మంచి పరుపుకి పెట్టు.

ఒక్కరోజులో కాలు మోపలేకపోయినా, వెనకకాళ్లు ఈడ్చినా, ఇవాళ ఒక కాలు రేపు ఇంకో కాలు కుంటినా, ఇంటి వైద్యం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్లు వాస్తాయి. దానికి రక్తపరీక్ష ఉంది, మందూ ఉంది. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో ఈ రోజే చూడు.

బరువు తగ్గడం కంటికి కనబడదు, విసుగు పడొద్దు. నెల తిరగ్గానే మళ్లీ ఆ కాటా మీదే నిలబెట్టి తూచి, ఎంతున్నాడో నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న