చదవలేని పిల్లాడికి డ్రిప్పు ఎందుకు?

సమస్య: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కథ ఒక్కసారి వింటే పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం చేతికిస్తే గుణింతాల దగ్గరే ఆగిపోతాడు. ఒత్తులన్నీ తప్పులే. టీచరు బద్ధకం అంటోంది. ఎవరో చెబితే గుంటూరులో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. రక్తం, జుట్టు తీసుకుని, పద్దెనిమిది వేలు కట్టించుకుని పెద్ద రిపోర్టు ఇచ్చారు. హిమోగ్లోబిన్ 10.4 ఉంది, విటమిన్ డి తక్కువ, జుట్టులో సీసం, పాదరసం ఎక్కువట. డ్రిప్పులు పెట్టి ఒంట్లో విషం తీసేస్తే చదువు దానంతటదే వస్తుందన్నారు. మా అత్తగారేమో "మీ తమ్ముడు పదో తరగతి తప్పాడుగా, మీ రక్తమే వచ్చింది వీడికి" అంటున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. మంచి మనిషి, ఎరువుల కొట్టు బాగా నడుపుతారు. లెక్కలన్నీ నోటితోనే చేస్తారు. బ్యాంకు కాగితాలు మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచీ నాచేతే రాయిస్తారు. సోమవారం మొదటి డ్రిప్పు. పెట్టించమంటారా?
— ఒక తల్లి

సలహా: వద్దమ్మా. ఎవరు ఏం చెప్పినా ఆ డ్రిప్పు పెట్టించొద్దు. ఒంట్లోంచి సీసం తీసే మందులు ఉన్న మాట నిజమే. రక్తంలో సీసం డెసిలీటరుకి 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకి, ఆస్పత్రిలో, డాక్టర్ల కళ్లెదుట ఇస్తారు వాటిని. జుట్టు పరీక్ష చూసి ఇవ్వరు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబుకి ఇలాంటి మందే నరంలోకి ఎక్కిస్తే, రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగి చనిపోయాడు.

రిపోర్టులో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఈ వయసు పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 ఉండాలి. 10.4 అంటే రక్తహీనత. పిల్లల డాక్టరుకి చూపించి ఐరన్, విటమిన్ డి ఆయన చెప్పినంతే వేయండి, థైరాయిడ్ కూడా ఒకసారి చూడమనండి. ఒంట్లో రక్తం పడితే బాబుకి ఓపిక, ధ్యాస పెరుగుతాయి. గుణింతాలు మాత్రం దానివల్ల రావు. మీరు చెప్పినవి డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లక్షణాల్లా ఉన్నాయి. దాన్ని పట్టుకునే రక్తపరీక్ష లేదు. క్లినికల్ సైకాలజిస్టు పిల్లాడితో చదివించి, రాయించి, తెలివితేటలు విడిగా పరీక్షించి తేలుస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

ఇంతవరకూ ఏ మంచి డాక్టరైనా చెబుతాడు. నన్ను జవాబు రాయడానికి కూర్చోబెట్టింది మీరు ఉత్తరం చివర్లో రాసిన బ్యాంకు కాగితాల మాట. లెక్కలు నోటితో చేసి కొట్టు నడిపే మనిషి, పెళ్లయిన దగ్గర్నుంచీ కాగితం ముట్టుకోడా? ఆయన్ని నేను చూడలేదు, ఇది నా ఊహే. కానీ డిస్లెక్సియా కుటుంబాల్లో వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఇలాంటి పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశాడు. పాఠాలన్నీ నోటితో చెబితే బడిలో వాణ్ణి మించినవాడు ఉండడని వాళ్ల మాస్టారే అన్నాడట. మీ బాబు ఒక్కసారి విన్న కథ తిరిగి చెబుతున్నాడని చదివినప్పుడు నాకు ఆ అబ్బాయే గుర్తొచ్చాడు.

మీ వారు చిన్నప్పుడు ఇదే పడి ఉంటే, బడిలో ఎన్ని బెత్తం దెబ్బలు తిన్నారో, ఎందరు మొద్దు అన్నారో ఆయనకే తెలియాలి. అంత పడ్డ మనిషి, తల్లి మీ పుట్టింటి రక్తాన్ని తిడుతుంటే నోరు మెదపకపోవడం అన్యాయం. ఈ మాట ఆయనకి చదివి వినిపించండి. మన ఇళ్లలో బిడ్డకి తెలివి వస్తే నాన్న పోలిక, లోపం వస్తే అమ్మ వైపు రక్తం. కోడళ్లు ఎన్ని తరాల నుంచి పడుతున్నారమ్మా ఈ మాట! మీ అత్తగారు ఆ కొడుకు పలక చూడకుండానే పెంచారా? రక్తం, రక్తం అని పెద్దలు అంటుంటే, సూది గుచ్చించుకుని వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లాడు తన ఒంట్లోనే ఏదో చెడు ఉందనుకోడా? తమ్ముడి సంగతి ఎత్తితే మీరూ తల దించుకోకండి. అతనికి ఎవరూ సరిగ్గా నేర్పి ఉండరు.

ఒకరోజు పిల్లాడు పడుకున్నాక మీ వారిని మెల్లగా అడగండి. నిలదీయకండి. నిజమని ఒప్పుకుంటే, ఆయనే బాబుని పక్కన కూర్చోబెట్టుకుని "నాకూ అక్షరాలు ఇలాగే తికమకగా ఉండేవిరా" అని చెప్పాలి. అదే మాట తల్లి ముందూ అనాలి. మీరు చెబితే ఓదార్పు అనుకుంటాడు పిల్లాడు. కొట్టు నడుపుతున్న నాన్న చెబితే నమ్ముతాడు.

సోమవారం అపాయింట్‌మెంట్ ఈరోజే రద్దు చేయించండి. డ్రిప్పులకి దాచిన డబ్బు స్పెషల్ ఎడ్యుకేటర్‌కి అట్టేపెట్టండి. అక్షరం, శబ్దం జత చేసుకుంటూ ఓపిగ్గా, కొన్నేళ్లపాటు నేర్పించాల్సి ఉంటుంది. ఆ డబ్బు అక్కడ కావాలి.